ఇరవై ఒక్క రోజుల మూత

తిరుపతిరావు గొడ్లకి విషం వండుతున్నాడట. పక్కింటి ఆదెమ్మ పంపు దగ్గర నలుగురిలో అన్న మాట అది. సీతారావమ్మ నీళ్లబిందెతో పాటు ఆ మాటనీ మోసుకొచ్చి మొగుడి ముందు దించింది. తిరుపతిరావు నోట్లో వేపపుల్ల తీయకుండానే నిట్టూర్చాడు. పాలు కేంద్రంలో పోసొచ్చి, గేదెని కడిగి, చావిట్లో ఓ కునుకు తీయాలన్నదే ఆ రోజుకి అతను పెట్టుకున్న పని.

అది తొంభై ఎనిమిది ఎండాకాలం. కాలవలు కట్టేశారు, పచ్చగడ్డి పోచ లేదు. ఇంట్లో మిగిలిందల్లా వానకి తడిసి రంగు చెడిన వరిగడ్డి. పాలిచ్చే గేదె దాన్ని మూతితో పక్కకి నెట్టి, ఇంతేనా అన్నట్టు అతనికేసి చూసేది. చూడితో ఉన్న పడ్డ, ఇంకా తొలి ఈత ఈనని గేదె, డొక్కలు ఎగరేస్తోంది. పశువుల డాక్టరు హబీబ్ గారు వచ్చి ఉపాయం చెప్పారు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి, పొరపొరకీ చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పించారు.

"ఇరవై ఒక్క రోజులు మూత తీయకండి. లోపల యూరియా నుంచి పుట్టే ఘాటే గడ్డిని మెత్తబరిచి బలం తెస్తుంది. ఘాటు పోయిందంటే పని చెడినట్టే" అన్నారు.

ఆ గడ్డి అక్కరకొస్తే పడ్డని తొలకరిదాకా నిలుపుకోవచ్చు. లేదంటే ఆదివారం సంతకి తోలుకుపోవాల్సిందే. లెక్క అంత సులువు. కాకపోతే, ఇంటికొచ్చిన మనిషిని కాదని పంపించడం తిరుపతిరావు వంశంలోనే లేదు.

ఐదోనాడు ఆదెమ్మని తనే పిలిచి, విషమో కాదో నువ్వే చూసుకోమని పట్టా అంచు ఎత్తాడు. ఆవిడ తల దూర్చింది. ధారగా కళ్లనీళ్లు కారుస్తూ ఇవతలకొచ్చి, విషమేనని ఖాయం చేసుకుని, గ్లాసెడు మజ్జిగ తాగి వెళ్లింది. మర్నాడు సాక్ష్యానికి ఇద్దరు తోడికోడళ్లని వెంటబెట్టుకొచ్చింది. పట్టా మళ్లీ లేచింది.

పాలకేంద్రంలో పాలు కొలిచే ఏసుపాదానికి ఈ కబురు వేరే వేషంలో చేరింది. పాలు చిక్కగా చూపించడానికి యూరియా కలిపే ఘనులు అక్కడక్కడా బయటపడుతున్న రోజులవి.

"మీ ఇంట్లో యూరియా ఉందంటగదండీ. గడ్డికే వాడారని నా కళ్లతో చూస్తేగాని ఈ పాలు పోయించుకోను" అన్నాడు.

తిరుపతిరావు క్యాను మోసుకుని వెనక్కొచ్చి అతనికీ పట్టా ఎత్తి చూపించాడు. ఏసుపాదం నాలుగు తుమ్ములు తుమ్మి తృప్తిపడ్డాడు. అతనొక్కడు తృప్తిపడితే చాలదని కేంద్రంలో పాలు పోసేవాళ్లంతా వంతులవారీగా వచ్చారు. వచ్చినవాళ్లకి వాసన, మజ్జిగ.

సీతారావమ్మ కవ్వం పక్కన పెట్టింది. "ఏవండీ, డాక్టరుగారు మూత తియ్యొద్దన్నారుగా."

"గుమ్మంలోకొచ్చి నిలబడ్డ మనిషిని ఎట్లా పొమ్మంటానే?"

"మరి ఆ పడ్డని ఎట్లా పొమ్మంటారు?"

అతను తువ్వాలు భుజాన వేసుకుని పశువుల కొట్టంలోకి పోయాడు.

ఇరవై ఒకటో రోజు శనివారం. హబీబ్ గారు గడ్డి చూపిద్దామని మంగళగిరి వైపు రైతుల్ని ఎనిమిదిమందిని జీపులో ఎక్కించుకొచ్చారు. ఊరు అప్పటికే దొడ్లో ఉంది. పట్టా లాగారు. ఘాటు లేదు. తెల్లగా బూజు పట్టిన గడ్డి, తడిసిన గోనెసంచిలా ముతక వాసన వేసింది. డాక్టరుగారు గుప్పెడు తీసి, నలిపి, కిందపడేశారు. పశువులకి ఇది పెట్టొద్దని చెప్పి, మూత ఎన్నిసార్లు తీశారని అడిగారు.

తిరుపతిరావు పడ్డని కట్టిన గుంజ వైపు నడిచాడు. మేం చూసింది ఒక్కసారే అన్నారు ఒక్కొక్కళ్లూ. అందులో అబద్ధమూ లేదు.

"ఆ రోజు నా కళ్లు పోయినంత పనయింది. ఇవాళ వాసనే లేదేంటి?" అంది ఆదెమ్మ, తనకేదో అన్యాయం జరిగినట్టు.

ఏసుపాదం మొహంలో పాత అనుమానం మళ్లీ లేచింది. చూరు కింద ఉన్న పాలక్యానుకేసి చూశాడు. అతన్ని చూసి ఊరూ, ఊరిని చూసి మంగళగిరి రైతులూ అటే చూశారు. తిరుపతిరావు మాత్రం అప్పటికే గుంజ దగ్గర కూర్చుని పడ్డ పలుపు ముడి విప్పుతున్నాడు.

"గడ్డిలో లేకపోతే అంత యూరియా ఎటు పోయినట్టండీ?" అన్నాడు ఏసుపాదం.

"మీ అందరి ముక్కుల్లోకి" అంది సీతారావమ్మ.