నాలుగో అచ్చెన్న తలగాయం

పందొమ్మిది వందల ఇరవై ఆరో సంవత్సరం, ఆగస్టు నెలలో ఒక మంగళవారం ఉదయం, రంగూను సేక్కాన్ రేవులో క్రేను తాడు తెగి ఓ బియ్యపు బస్తా అచ్చెన్న అనే కూలీ నెత్తిన పడిందనీ, అతని తల పగిలిందనీ కంపెనీ పుస్తకంలో నమోదయింది. అచ్చెన్న అప్పటికి చనిపోయి ఏడేళ్లయింది.

పాఠకులు కంగారు పడవద్దు. కంపెనీ పుస్తకంలో తప్పులుండవు. కన్నారావు మేస్త్రీ పన్నెండేళ్ల కిందట శ్రీకాకుళం వైపు నుంచి నలభైమందిని స్టీమరెక్కించి తెచ్చి, డాక్టరు చేత పరీక్ష చేయించి, పేరు, ఊరు, పెళ్లాం పేరు, ఒంటి మీద మచ్చలతో సహా ఆ పుస్తకంలో ఎక్కించాడు. తరవాత మనుషులు తమ బుద్ధి పోనిచ్చుకోక జ్వరాలొచ్చి పోవడం, చెప్పకుండా పారిపోవడం, ఇంటి మీద బెంగ పెట్టుకుని తిరుగు స్టీమరెక్కడం మొదలుపెట్టారు. ఒక్క పేరు మార్చాలంటే మూడు ప్రతుల్లో అర్జీ పెట్టాలి, మళ్లీ పరీక్ష చేయించాలి, కంపెనీ దొర సంతకం కోసం వారం రోజులు గుమ్మం ముందు నిలబడాలి. కన్నారావు దూరదృష్టి కలవాడు. పేర్లను కదపకుండా ఉంచి, కింద మనుషుల్ని మారుస్తూ వచ్చాడు.

అందువల్ల ఆ ముఠాలో పన్నెండేళ్లుగా ఒక్కడూ చావలేదు, ఒక్కడూ పారిపోలేదు. ఇంత నమ్మకమైన కూలీలు తెలుగుదేశంలోనే పుడతారని దొర ఒకసారి విందులో అన్నాడట. అచ్చెన్నకు యాభై దాటినా పాతికేళ్ల కుర్రాడిలా బస్తా మోస్తున్నాడని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడట. మెచ్చుకోక ఏం చేస్తాడు? అచ్చెన్న కుడి చెంప మీద పుట్టుమచ్చ ఉన్నట్టు పుస్తకంలో ఉంది. రోజూ ముఠా రేవుకు బయలుదేరే ముందు కన్నారావు స్వహస్తాలతో, పెనం మసితో, ఆ మచ్చ పెట్టేవాడు.

బస్తా కింద పడ్డవాడి అసలు పేరు దండాసి. అతను నాలుగో అచ్చెన్న.

కబురు లమ్మడా పేటలోని కూలీల మేడ మీదుగా బియ్యం మిల్లుకు చేరేసరికి దండాసి పెళ్లాం చిలకమ్మ అక్కడ నూకలు చెరుగుతోంది. చేట అక్కడే పడేసి, చెప్పుల్లేని కాళ్లతో ధర్మాసుపత్రి దాకా పరిగెత్తింది. గేటు దగ్గర గుమాస్తా చీటీల పుస్తకం తెరిచి, "నీ మొగుడి పేరేమిటి?" అని అడిగాడు. తెలుగువాడే.

మర్యాద గల ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుంది. సముద్రం దాటి వచ్చేటప్పుడు కులాలు కొంత తడిశాయి గాని, ఈ ఆచారం మాత్రం పొడిగా వచ్చింది. అసలే లోపల తల పగిలి ఉన్నాడు, ఇప్పుడు తను పేరు చెప్పి ఉన్న ఆయుష్షు కూడా తగ్గించాలా?

"సెప్పకూడదు బావూ," అంది చిలకమ్మ. "మా మావ. ఇందాకా తెచ్చినారు. బస్తా పడినాది."

"మావలు నా దగ్గర లేరు. పేరుంటే చెప్పు, లేకపోతే పక్కకు నిలబడు."

ఆమె గంటసేపు పక్కకు నిలబడింది. లోపల మనిషి ఉన్నాడో పోయాడో తెలియక గేటు దాటి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగింది. అప్పుడు దేవుడిలా కన్నారావు మేస్త్రీ వచ్చాడు. "అచ్చెన్న," అన్నాడు గుమాస్తాతో. "ఈమె అచ్చెన్న పెళ్లాం, నరసమ్మ." పుస్తకం ప్రకారం అచ్చెన్న భార్య నరసమ్మ మరి. నరసమ్మ పేర చీటీ తయారైంది.

"మేస్త్రీ బావూ, నరసమ్మేటి? నాను సిలకమ్మని కానా?"

"నోరు ముయ్యవే," అన్నాడు కన్నారావు మెల్లగా. "ఒక్క పేరు కదిపితే పుస్తకం మొత్తం కదులుద్ది. ముఠా అంతా రోడ్డున పడుద్ది. నీకు లోపలికెల్లాలని ఉందా, నేదా?"

ఆమెకు లోపలికి వెళ్లాలని ఉంది. చీటీ తీసుకుంది.

దండాసి తల నిండా గుడ్డ, మొహం వాచి గుర్తుపట్టేట్టు లేదు. నెత్తురు కడిగేటప్పుడు చెంప మీది మచ్చ కూడా పోయిందని నర్సు మార్గరెట్ విస్తుపోయింది. మార్గరెట్ లమ్మడా బాప్టిస్టు గుడి పక్కన పుట్టిన తెలుగు పిల్ల. ఒక్క చూపుతో సంగతి గ్రహించి, మచ్చ గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ ఆసుపత్రిలో ఊరుకున్నందుకు పుణ్యం వచ్చిన సందర్భం అదొక్కటే.

నాలుగు రోజులు అతను కళ్లు తెరవలేదు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు చిలకమ్మ మంచం పక్కన కింద కూర్చుని, పెదాలు తడిపి, అరికాళ్లు రాచి, ఆగకుండా మాట్లాడేది. ఊళ్లో ఏరు ఎలా పారుతోందో, ఎవరి ఆవు ఎన్ని సేర్ల పాలు ఇస్తుందో, తనకు తెలియనివి కూడా కల్పించి చెప్పేది. "మావా, ఇటు సూడు మావా," అనేది. పక్క మంచం మీద కాలు విరిగిన బర్మా ఆసామి. అతని పెళ్లాం చుట్ట కాలుస్తూ గంటకు పదిసార్లు "కో బా! కో బా!" అని మొగుణ్ణి పేరుపెట్టి కేకలేసేది. ఆ కో బా మాత్రం ఆయుష్షు తగ్గే సూచన లేకుండా రోజురోజుకూ లావెక్కుతున్నాడు. చిలకమ్మ అది చూసి, వాళ్ల దేవుళ్లు వేరు కాబోలు అనుకుంది.

ఐదో రోజున దండాసి కళ్లు తెరిచి, "సిలకా," అన్నాడు. ఆమె మంచం కోడు పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు డాక్టరు దొర వచ్చాడు. తలకు దెబ్బ తగిలిన రోగికి తెలివి నిలిచిందో లేదో తేల్చడానికి మూడు ప్రశ్నలున్నాయి. మార్గరెట్ తెలుగులో అడిగింది.

"నీ పేరేమిటి?"

"దండాసి."

దొర కాగితం చూశాడు. తప్పు.

"భార్య పేరు?"

"సిలకమ్మ. అదిగో."

తప్పు. ఊరి పేరు అడిగితే తన ఊరి పేరే చెప్పాడు. మూడో తప్పు. దొర జాలిగా తల ఊపి, రోగి తనను మరొక మనిషిగా భ్రమిస్తున్నాడనీ, తన భార్యను ఎవరి పేరుతోనో పిలుస్తున్నాడనీ, మెదడు బాగా దెబ్బతిన్నదనీ రాసుకున్నాడు. వచ్చే శనివారం దాకా చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే పిచ్చాసుపత్రికి పంపమన్నాడు. మార్గరెట్ అసలు సంగతి చెప్పబోతే, "కంపెనీ పుస్తకం అబద్ధమాడుతుందా?" అని అడిగాడు. ప్రశ్న సమంజసమైనదే.

పిచ్చాసుపత్రికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం చిలకమ్మ ఎరగదు. మేస్త్రీ కాళ్ల మీద పడింది. మేస్త్రీ ఆమెను వెంటబెట్టుకుని, ఆంధ్ర కార్మిక సంక్షేమ సంఘాధ్యక్షులైన ఢిల్లేశ్వరరావు గారి దగ్గరకు తీసుకెళ్లాడు. అధ్యక్షులవారు షిప్పింగు ఆఫీసులో హెడ్డు గుమాస్తా. కంపెనీ పుస్తకాన్ని రాసేది వారి చెయ్యే. వారు విషయమంతా సానుభూతితో విని, కుర్చీలో ఉండీ సభలో ఉన్నట్టే మాట్లాడారు.

"అమ్మా! ఇది ఒక్క నీ భర్త సమస్య కాదు. ఇది యావదాంధ్ర జాతి గౌరవానికి సంబంధించిన సమస్య. మనవాళ్లు దొంగపేర్లతో పని చేస్తారని నలుగురూ అనుకుంటే పరదేశంలో మన తల ఏమవుతుంది? సతీమతల్లులు యముడితోనే వాదించి గెలిచిన దేశం మనది. నీవు మూడు మాటలు నీ భర్త చేత చెప్పించలేవా?"

పగిలిన తలను పక్కన పెట్టి ఆయన జాతి తల గురించి అరగంట మాట్లాడారు. చిలకమ్మకు అందులో చివరి ముక్క మాత్రమే అర్థమైంది. చెప్పించాలి.

ఆ వారం ఆమె చేసిన పని పగవాళ్లకు కూడా వద్దు. ఆ పగిలిన తలలో మిగిలినవి మూడే మూడు: తన పేరు, పెళ్లాం పేరు, ఊరి పేరు. ఆ మూడింటినీ ఆమె రోజుకు రెండు గంటల చొప్పున కూర్చుని పీకేసింది.

"మావా, నీ పేరు అచ్చెన్న. అను."

"కాదే. నాను దండాసిని గదేటి?"

"కాదు మావా. అచ్చెన్న. నా పేరు నరసమ్మ."

"మరి సిలక ఏదే?"

"సిలక నేదు మావా. ఎప్పుడూ నేదు." ఆ మాట అన్నాక ఆమె నీళ్ల వంకతో వరండాలోకి వెళ్లి, చెంగు నోట్లో కుక్కుకుంది. ఒక విశేషం మాత్రం ఒప్పుకోవాలి. అచ్చెన్న అన్నది పరాయివాడి పేరు గనుక వందసార్లు పలికినా ఆచారానికి ఏ లోపమూ రాలేదు.

శనివారం దండాసి మూడు ప్రశ్నలకూ మూడు సరైన జవాబులు చెప్పాడు. దొర ఆనందానికి మేర లేదు. రోగికి పూర్తిగా తెలివి వచ్చిందని రాసి, ఇంటికి పంపి, ఈ అపూర్వ చికిత్స గురించి వైద్యపత్రికకు వ్యాసం రాయడానికి కూర్చున్నాడు.

ఆదివారం సంఘం వారు సభ చేసి, పతిసేవాపరాయణురాలైన శ్రీమతి నరసమ్మ గారికి శాలువా కప్పారు. "తన్ను తాను మరిచి భర్తను బతికించుకున్న ఇల్లాలు!" అని అధ్యక్షులవారు గద్గదమైనారు. సభలో ఉన్న ప్రతివాడికీ ఆమె ఎవరో తెలుసు. ఎవరో తెలిసే, చేతులు నొప్పిపుట్టేదాకా చప్పట్లు కొట్టారు. దండాసి కూడా కొట్టాడు.

చిక్కు ఇంటికి వచ్చాక తెలిసింది. చికిత్స పూర్తిగా పనిచేసింది. దండాసి గది గుమ్మం దాటి లోపలికి రాడు. మెట్ల మీద కూర్చుంటాడు. అన్నం పెడితే తల వంచుకుని తిని, "నీ పెనిమిటి ఏ పనికెల్లినాడమ్మా?" అని మర్యాదగా అడుగుతాడు. ఒక పూట నరసమ్మ అంటాడు, ఇంకో పూట అదీ అనడు. చిలకమ్మ ఎదురుగా కూర్చుని, "నాను మావా, సిలకని," అంటే, "సిలక నేదు. ఎప్పుడూ నేదు," అని ఆమె నేర్పిన పాఠం ఆమెకే అప్పజెప్పేవాడు. నేనే చేశాను, నా చేతులతో నేనే చేశాను అని ఆమె గోడకు తల కొట్టుకుంది. కట్టు మార్చడానికి వచ్చిన మార్గరెట్ రెండు రోజులు చూసి ఊరుకోలేకపోయింది.

"నువ్వు మావా మావా అంటే లోకంలో ఎందరు మావలు! పేరుపెట్టి పిలువు చిలకమ్మా. అతని పేరు అతనికి ఇయ్యి."

"ఓలమ్మా, నా నోటితోనా?"

"ఇంకెవరి నోటితో?"

చిలకమ్మకు ఆ పేరు నోటికి రాలేదు. గురువారం పొద్దున్న మేడ కింద పంపు దగ్గర ముప్పై మంది నీళ్లు పట్టుకుంటున్నారు. ముఠా అప్పుడే సేక్కాన్ వైపు బయలుదేరింది. దండాసి మెట్ల మీద నుంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఎక్కడికని ఎవరో అడిగితే, స్టీమరెక్కి ఊరికి పోతున్నాననీ, తన కోసం అక్కడ నరసమ్మ ఎదురుచూస్తోందనీ చెప్పాడు. తల మీది కట్టు తెల్లగా జనంలో కలిసిపోతోంది. చిలకమ్మ మెట్లన్నీ దూకుతూ దిగింది. "మావా!" అని అరిచింది. వీధిలో నలుగురు తిరిగి చూశారు గాని అతను చూడలేదు. రేవుకు పోయే ట్రాము మలుపు తిరుగుతోంది. అతను చెయ్యెత్తాడు.

"దండాసీ!"

పంపు దగ్గర బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ కదలలేదు. ఆమె మళ్లీ అరిచింది. "ఒరే దండాసీ! నాన్రా, సిలకని!"

అతను ఆగాడు. చెయ్యి దించాడు. వెనక్కి తిరిగి, చాలాసేపు చూసి, "ఏటే సిలకా," అన్నాడు. "నడివీధిలో అలా అరుత్తావేటి? సిగ్గు నేదూ?"

ఆమె నవ్వుతూ ఏడుస్తూ చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. దండాసి ఆ పూట గుమ్మం దాటి లోపల కూర్చుని అన్నం తిని, చారులో ఉప్పు చాలలేదన్నాడు.

ఆ సాయంత్రమే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పేరు దొంగిలిస్తే ఊరుకున్నవారు, పెళ్లాన్ని మారిస్తే చప్పట్లు కొట్టినవారు, ఈ ఘోరాన్ని మాత్రం సహించలేకపోయారు. కట్టుకున్న మగవాణ్ణి నడివీధిలో పేరుపెట్టి, అదీ ఒరే అని పిలిచి, రంగూనులోని ఆంధ్ర స్త్రీజాతికి తలవంపులు తెచ్చినందుకు ఆమెను పంపు దగ్గరకు రానివ్వరాదనీ, శాలువా తిరిగి తీసుకోవాలనీ తీర్మానించారు. అధ్యక్షులవారు మళ్లీ గద్గదమైనారు. ముఠా అంతా వరసగా వచ్చి పుస్తకం ప్రకారం వేలిముద్రలు వేసింది. నలభై పేర్లలో వేసినవాడి సొంత పేరు ఒక్కటీ లేదు. మొదటి వేలిముద్ర అచ్చెన్నది, అంటే ఐదో అచ్చెన్నది. అతను సోమవారం స్టీమరు దిగాడు. చెంప మీది మసి ఇంకా ఆరలేదు.

శాలువా కోసం వెళ్లిన కన్నారావుకు చిలకమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. "ఇది నాది కాదు మేస్త్రీ బావూ, నరసమ్మది. ఆయమ్మ మొగుడు పోయి ఏడేళ్లయినాదని ఎవులైనా కబురంపినారేటి? అంపకపోతే ఇదైనా అంపండి." లోపలికి తిరిగి, "దండాసీ, తలుపేసెయ్యి," అంది.

ఈ తీర్మానం అన్యాయమని పాఠకుల్లో ఎవరికైనా తోస్తే సంఘానికి ఉత్తరం రాయవచ్చు. కింద సంతకం పెట్టడానికి భయపడనక్కర్లేదు. కన్నారావు మేస్త్రీ దగ్గర ఖాళీ పేర్లు ఇంకా ఉన్నాయి.