ఆడబిడ్డ మిగిల్చే గుక్కెడు

వినుడు, చాయ్ కాఫీ ప్రియులారా! రెండువేల ఎనిమిదవ సంవత్సర గ్రీష్మమున, ప్రచండ మార్తాండ కిరణ నికర తాపమునకు వనపర్తి బస్టాండు పెనమువలె కాలుచుండగా, గోపాల్‌పేట పల్లిచేల యేలిక, అజేయ గృహిణీశిరోమణి బాలమణి, తన ఆడబిడ్డ సరోజను వెంటబెట్టుకొని వసీం బేకరీపై దండెత్తెను. సరోజ ఎక్కవలసిన గద్వాల బస్సు ఇంకను రాలేదు.

కారణము చిన్నదనుకొందురేమో, కాదు. సరోజ పుట్టింటికి వచ్చినప్పుడెల్ల బాలమణి పోసిన చాయ తాగును. తాగి, అడుగున గుక్కెడు మిగిల్చి, గ్లాసును అందరికీ కనబడునట్లు అరుగుమీద పెట్టి లేచును. ఏమీ అనదు. ఆ అనకపోవుటయే బాలమణి గుండెలో ముల్లై, కాపురానికి వచ్చిన నాటినుండి గుచ్చుచున్నది. అందుకే నేడు పొద్దున్నే పొయ్యి ముందు నిలిచి భీషణ ప్రతిజ్ఞ పూనినది: “ఇయ్యాల వదినెతోని గిలాస ఖాళీ చేయించకుండ బస్సెక్కియ్య.” తన చాయతో సాగని పని బేకరీ కాఫీతోనైన సాధింపదలచెను.

ఉక్కుకవచధారియై, ఆవిరి బుసలు కొట్టుచున్న కొత్త కాఫీ యంత్రము చెంత నిలిచి, బేకరీ యజమాని వసీం అస్త్రముల మర్మము విప్పెను.

“ఎస్ప్రెస్సో అంటే ఉత్త డికాషనే అక్కా, మస్తు చిక్కగుంటది. దాంట్లనే పాలు పోసి, మీద నిండ నురగ పెడితే కాపుచినో. పాలెక్కువ, నురగ జరంత అయితే లాటే.”

చిక్కనిదే గొప్పదని భ్రమించి బాలమణి మొదట ఎస్ప్రెస్సోను యుద్ధమునకు పంపెను. అంగుష్ఠమాత్ర పాత్రలో వచ్చిన ఆ కాటుకవర్ణ వీరుని సరోజ నాలుకకు తాకించి, ఇది దవాఖాన మందని తీర్పుచెప్పి, సాసరుతో సహా అవతలికి నెట్టెను.

పిదప శ్వేతఫేనకిరీటధారి కాపుచినో విచ్చేసెను. అయ్యో, కల్లుమీది నురగ ఊదిగాని తాగని వంశమున పుట్టినది సరోజ! బుగ్గలు పూరించి, వాయుదేవుని దలచి, ఒక్క ఊపున ఊదెను. కిరీటమెగిరి బాలమణి ముక్కుపై వాలెను. నురగ పోగా కప్పులో దిగబడిన కాఫీని చూచి, ఇంత మోసమా అని సరోజ దానిని ముట్టనైనను ముట్టలేదు.

నవ్వకుడు. ముక్కు తుడుచుకొనుచున్న బాలమణికి నిజముగానే ఏడుపు వచ్చినది.

కట్టకడపట క్షీరసముద్రతనయ లాటే, పొడవాటి గాజుగ్లాసులో దర్శనమిచ్చెను. కాని కింద సాసరు లేదు! సాసరులో పోసుకొనక వేడిది తాగుట సరోజ ఎరుగదు. చేతులు కట్టుకొని కూర్చున్నది. బయట గద్వాల బస్సు వచ్చి హారను మోగించెను. అప్పుడు బాలమణి, ఓడి పడియున్న ఎస్ప్రెస్సో కింది సాసరును లాగి, కొంగుతో తుడిచి, లాటేను ధారగా వంచి వదినె చేతికిచ్చెను. జుర్రుమన్నది. మరల వంచెను, మరల జుర్రుమన్నది. ఎట్టకేలకు గ్లాసు అడుగున గుక్కెడు మిగిలినది.

సరోజ చేయి ఆగినది. బస్సు వంక చూచెను, గ్లాసు వంక చూచెను.

“మంచిగుంది బాలమణి. గది గూడ పోయ్” అన్నది.

పోసెను! తాగెను! గద్వాల బస్సు సరోజను ఎక్కించుకొనకయే దుమ్ము రేపుకొనుచు వెళ్లిపోవుచుండగా, వీరనారి బాలమణి ఆ గ్లాసును సమస్త బేకరీ జనసమక్షమున తలక్రిందులుగా పట్టెను. చుక్క రాలలేదు.