కత్తెర మీద నింద

వరద నీరు కుట్టుమిషన్ల పాదాల దాకా వచ్చి, అక్కడ కాసేపు నిలబడి, మనసు మార్చుకుని వెళ్లిపోయిన ఏడాదికి మరుసటి ఏడు జరిగిందిది. నీరు మిషన్లను వదిలేసింది గానీ కింది అరలోని కొలతల పుస్తకాలను వదల్లేదు. ఊళ్లో సగం మంది నడుములూ భుజాలూ కరిగి నీలం మరకలైపోయాయి. ఇంకోసారి అలా కాకూడదని కోడలు టైలరు కొట్లోకి కంప్యూటరు తెప్పించింది. మాస్టారు వద్దనలేదు. ఆయన దేన్నీ వద్దనడు, కావాలనీ అనడు. నోరు తెరిస్తే పళ్ల మధ్య గుండుసూదులు రాలిపోతాయని పని నేర్చుకునే రోజుల్లో నోరు మూసుకున్నాడు. సూదులు తీసేశాక కూడా అది అలాగే ఉండిపోయింది.

ఆ రోజు పొద్దున్న ఆయన అనుకున్న పని చిన్నదే. ఫైరు స్టేషను వాళ్లకు పన్నెండు కోటులు కుట్టాలి. నెల తర్వాత వాళ్ల కవాతు. మధ్యాహ్నం లోపల మొదటి కోటు కోసి పక్కన పెడదామనుకున్నాడు. బల్ల మీద గుడ్డ పరిచాడు. సుద్దతో గీత గీశాడు. కత్తెర ఎత్తాడు. బొటనవేలి మొదట్లోంచి మోచేతి దాకా ఎవరో దారం గుంజినట్టయింది. నలభై ఏళ్లుగా చేతిలోంచి జారని కత్తెర, వెళ్లి కాలి చెప్పు పక్కన పడింది.

ఇస్త్రీ బల్ల దగ్గర కోడలు తలెత్తింది. "ఏమైంది మామయ్యా?"

నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట ఏమిటంటే, గుండీలు. కంప్యూటరు బిగించడానికి వచ్చిన మనిషి, ముసలాయనకు మౌసు పట్టుకోవడం అలవాటవుతుందని ఒక ఆట చూపించి పోయాడు. తెర మీద రంగురంగుల గుండీలు రాలుతుంటాయి. ఒకే రంగువి మూడు చూసి నొక్కితే టప్పున మాయమైపోతాయి. బతుకంతా గుండీలు కుట్టినవాడికి గుండీలు మాయం చేయడంలో ఎంత సుఖముందో ఎవరికి చెప్పినా అర్థం కాదు. కోడలు భోజనానికి ఇంటికి వెళ్లిన గంటన్నరలో ఆయన వెయ్యి గుండీలు పేల్చేవాడు. మెతుకు గొంతు దిగకముందే వేలు నొక్కుతూ ఉండేది.

అరవై నాలుగేళ్లవాడు ఆ మాట కోడలితో ఎలా అంటాడు? కింద పడి ఉన్న కత్తెర వైపు చూశాడు. అది ఎలాగూ తిరిగి మాట్లాడదు.

"కత్తెరమ్మా. నలభై ఏళ్ల బరువు" అన్నాడు.

"అయ్యో. మరి మీరు కంప్యూటరు దగ్గర కూర్చుని కొలతలు ఎక్కించండి. చేతికి కాస్త విశ్రాంతి. నేను కోస్తాలెండి."

మాస్టారి గుండె ఒక కుట్టు తప్పింది. ఆ కత్తెర ఆయన గురువు ఇచ్చింది. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం ఆయనకు తెలియదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ, ఆరేళ్లుగా, కోడలు కోత నేర్పమని అడుగుతూనే ఉంది. ఆయన ప్రతిసారీ ఇస్త్రీ పెట్టె చూపించేవాడు. ఇప్పుడు కాదంటే చెయ్యి సంగతి వస్తుంది. చెయ్యి సంగతి వస్తే గుండీల సంగతి వస్తుంది.

"రెండ్రోజులే" అన్నాడు.

ఆ రెండ్రోజులు మూడు వారాలయ్యాయి. ఎందుకు కావు? చేతికి విశ్రాంతి కోసమని ఆయనను రోగం పుట్టిన చోటే కూర్చోబెట్టారు. ముందు గంటన్నర ఆడేవాడు, ఇప్పుడు పొద్దున్న కొట్టు తెరిచింది మొదలు సాయంత్రం దీపం వేసేదాకా ఆడాడు. కోడలు ఇటు తిరిగితే కొలతల పట్టీ, అటు తిరిగితే గుండీలు. మణికట్టు మునక్కాడ కణుపులా లేచింది.

ఇంట్లో భార్య నూనె రాస్తూ విస్తుపోయింది. "కూర్చోబెట్టిన కొద్దీ ఉబ్బుతోందేమిటండీ? ఇది చెయ్యా, అలిగిన అల్లుడా?"

 మర్నాడు ఆయన మౌసును ఎడమచేతికి మార్చాడు. ఆ తెలివికి తనలో తనే మురిసిపోయాడు. వారం తిరిగేసరికి ఎడమదీ లేచింది.

"ఎడమచేతికేమైంది మామయ్యా?"

"గుడ్డ పట్టుకునేది ఎడమచెయ్యేగా."

"మీరు గుడ్డ పట్టుకుని మూడు వారాలైంది" అంది కోడలు, దారం కొరుకుతూ. 

చేతుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసి, "రోజంతా ఈ చేత్తో ఏం పని ఎక్కువ చేస్తారు తాతగారూ?" అని అడిగింది. పక్కన భార్య, ఆ పక్కన కోడలు. "కత్తెర" అన్నాడు ఆయన. ఆవిడ రెండు చేతులకూ పట్టీలు బిగించి, ఆరునెలలు కత్తెర ముట్టుకోవద్దంది. ఆ తర్వాత కూడా అనుమానమేనంది. ఒక్క చిన్న అబద్ధానికి గురువు కత్తెర చేజారిపోతోంది. దారిలో ఆయన కళ్లు తుడుచుకుందామనుకున్నాడు గానీ పట్టీలతో చెయ్యి ముఖం దాకా లేవలేదు.

ఇక కొలతల సంగతి. మాస్టారి చదువు మూడో తరగతితో ఆగింది. అంకెలు వచ్చు. పేర్లు చదవడం, రాయడం ఆయనకు రాదు. అందుకని పుస్తకంలో మనిషికొక బొమ్మ వేసి పక్కన కొలతలు రాసుకుంటాడు. ఫైరు స్టేషను పన్నెండు మందిలో మొదటి బొమ్మ మీసం, అది పెద్ద ఆఫీసరు. రెండోది బొజ్జ, బండి డ్రైవరు. మూడోది నిచ్చెన, వాళ్లలో పొడుగాటి మనిషి. అలా పోయి పన్నెండోది గుడిగంట, అందరికంటే పొట్టివాడు. కంప్యూటర్లో కోడలు పన్నెండు గళ్లు గీసి, వరసగా వాళ్ల పేర్లు కొట్టి పెట్టింది. పుస్తకంలో వరస చూసి అంకెలు ఎక్కించడమే ఆయన పని.

మీసం కొలతలు ఎక్కించబోతుండగా అవతల ఆటలో ఎర్ర గుండీలు మూడు ఒకచోట పడ్డాయి. అటొక నొక్కు నొక్కి ఇటు వచ్చేసరికి ఒక గడి జారింది. మీసం కొలతలు బొజ్జ గడిలో పడ్డాయి. బొజ్జవి నిచ్చెనకు పోయాయి. చివరికి గంటకు గడి మిగల్లేదు, పైన మొదటి గడి ఖాళీగా ఉంది. యంత్రానికి మతి లేదనుకుని గంట కొలతలు తీసుకెళ్లి పైన పెట్టాడు. ఆ పని చేసినందుకు కూడా మురిసిపోయాడు.

కోడలు ఆ గళ్లు చూసి కోసింది. మిషన్ల మీద పనివాళ్లు కుట్టారు. ఒక్కో కోటుకూ పేరు చీటీ తగిలించి స్టేషనుకు పంపారు.

కవాతు రేపనగా పొద్దున్న పన్నెండు మందీ కొట్లోకి వచ్చారు. ముందు పెద్ద ఆఫీసరు. ఆయన కోటు చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. డ్రైవరుకు గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. పొడుగాటి మనిషి కోటు లోపల ఇంకొకరు కాపురం పెట్టేంత చోటుంది.

"ఏమిటిది మాస్టారూ? రేపు మమ్మల్ని చూసి నిప్పు కూడా నవ్వుతుంది."

మాస్టారు నోరు తెరవకముందే ఆఫీసరు చూపు కోతబల్ల మీదికి, అక్కడ కత్తెర పట్టుకుని నిలబడ్డ కోడలి మీదికి పోయింది. "ఓహో. మీ చెయ్యి బాగోలేదన్నారు. ఈ అమ్మాయి కోసిందా? అదీ సంగతి. మాస్టారూ, నా మాట వినండి. ఆ కత్తెర మీరే తీసుకోండి. నొప్పయినా మీరు కోసిందే కోత. ఇంకెప్పుడూ ఆ అమ్మాయిని ముట్టుకోనివ్వకండి."

కోడలి ముఖం తెల్లబోయింది. కత్తెర బల్ల మీద పెట్టేసింది. దాని పిడి మాస్టారి వైపే తిరిగి ఉంది.

ఇప్పుడు ఆయన చేయవలసింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. కత్తెర తిరిగి వస్తుంది, బల్ల వస్తుంది, పరువు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఊరుకోవడంలో ఆయన్ను మించినవాడు ఆ వీధిలో లేడు.

బల్ల మీది కోత మిగుళ్లలో ఒకటి తీసి చూశాడు. అంచు నీటి గీతలా ఉంది. ఎక్కడా తొట్రుపాటు లేదు.

"కోత తప్పు కాదు" అన్నాడు. "కొలత తప్పు. ఎక్కించింది నేను. ఒకరి కోటు ఒకరు మార్చుకుని చూడండి."

కొట్లో కాసేపు చేతులు, భుజాలు, మెడలు కలగాపులగమయ్యాయి. ఆఫీసరు కోటు గంట మనిషికి పోయింది. డ్రైవరు ఒంటి మీదిది ఆఫీసరుకు, పొడుగాటి మనిషిది డ్రైవరుకు. అలా అందరూ తలొక మెట్టు జరిగారు. జరిగాక చూస్తే పన్నెండు కోటులూ ఒంటికి పోతపోసినట్టున్నాయి. ఆఫీసరు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, చంక దగ్గర చెయ్యి పెట్టి, ఒక ముడత కోసం వెతికి, దొరక్క మానుకున్నాడు.

"ఇంత కోత తెలిసినవాళ్లకు కొలత ఎలా తప్పింది?"

"గుండీలు పేలుస్తూ ఎక్కించాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన పట్టీ కట్టిన చేత్తో కంప్యూటరు చూపించాడు. పన్నెండు మంది తెర చుట్టూ మూగారు. 

"ఆటలో ఎన్నో మెట్టు మాస్టారూ?" అన్నాడు డ్రైవరు చివరికి, గొంతు తగ్గించి.

"నాలుగు వందల పన్నెండు."

డ్రైవరు టోపీ తీశాడు. "నేను మూడొందల అరవై దగ్గర ఆర్నెల్లుగా ఇరుక్కుపోయాను" అన్నాడు. తన కుడి మణికట్టు మెల్లగా జేబులోకి దాచుకున్నాడు.

వాళ్లు వెళ్లాక కొట్లో మిషన్ల చప్పుడే మిగిలింది.

"నాకు తెలుసు మామయ్యా" అంది కోడలు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచే. ఆట మూయకుండా లేచిపోతారు. మెట్టు పక్కన పేరుకు బదులు కత్తెర బొమ్మ పెట్టుకున్నారు. ఇంకెవరుంటారు?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే కత్తెర ఇచ్చేవారా?"

మాస్టారు ఇస్త్రీ పెట్టె వైపు చూశాడు. దానికి జవాబు ఆయనకూ తెలుసు.

"ఆ ఆట తీసెయ్యనా?" అంది కోడలు.

"నాలుగు వందల పదమూడు ఎలా ఉంటుందో చూసి తీసెయ్యి."

మర్నాడు పొద్దున్న ఎవరూ రాకముందే ఆయన కొట్టు తెరిచాడు. కత్తెరకు నూనె చుక్క వేశాడు. తన బొటనవేలికి అరిగి వెడల్పైన పిడికి మెత్తటి గుడ్డ చుట్టి, కోడలి సన్నటి వేలికి సరిపోయేలా బిగించాడు. వరదకు చిక్కకుండా మిగిలిన కొలతల పుస్తకంలో ఇంటివాళ్ల పేజీ తీశాడు. కోడలి కొలతల పక్కన ఆరేళ్లుగా ఇస్త్రీ పెట్టె బొమ్మే ఉంది. దాన్ని కొట్టేసి కత్తెర వేశాడు. తన పేరు చోట ఉన్న కత్తెరను కూడా కొట్టేసి, పట్టీ కట్టిన చెయ్యి వేసుకున్నాడు. రెండు చేతులూ పట్టీల్లోనే ఉండటం వల్ల అది వంకాయలా వచ్చింది.