కార్డు ఇస్తే కాదనకూడదు

శనివారం ఉదయం పదకొండు గంటలకు తేజస్విని వస్తుంది. ఆలోపు కూతురు రసజ్ఞ చేత ఒక్క కార్డయినా ఇప్పించాలి. రవికిరణ్ పథకం అంతవరకే.

రసజ్ఞకు ఆరేళ్లు. ఆటిజం ఉంది. మాటలు రాలేదు గానీ తనకేం కావాలో తనకు బాగా తెలుసు. ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని కావలసినదాని దగ్గరికి లాక్కెళ్తుంది. చెయ్యి దొరక్కపోతే అరుస్తుంది. థెరపిస్టు తేజస్విని ఇంట్లో పిల్లకు ఎలా నేర్పాలో తల్లిదండ్రులకు వారం వారం నేర్పుతోంది. పోయిన వారం పాఠం బొమ్మ కార్డులు.

"ఇడ్లీ కావాలంటే ఇడ్లీ బొమ్మ మీ చేతికి ఇవ్వాలి. ఇవ్వగానే ఇడ్లీ పెట్టేయండి. ప్రశ్నలొద్దు, ఉపన్యాసాలొద్దు. ఏం చేసిందో చెప్పి చిన్నగా మెచ్చుకోండి, చాలు. అరిచిందని మాత్రం ఏదీ ఇవ్వకండి. రెండే రెండు కార్డులతో మొదలుపెట్టండి," అంది తేజస్విని.

గచ్చిబౌలిలో పదహారు మంది టీమును నడిపే రవికిరణ్‌కు ఆ రెండు అనే అంకె కంటికి ఆనలేదు. నలభై రెండు కార్డులు ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, చిన్న సంచిలో పెట్టి పిల్ల భుజానికి తగిలించాడు. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ప్రొజెక్టరు మీద ఇరవై స్లైడ్లు చూపించాడు. వాచ్‌మన్ మొగిలిని కూడా పిలిచి, "ఎవరి చేతికి కార్డు ఇస్తే వాళ్లు వెంటనే ఇచ్చెయ్యాలి. ఎందుకని అడక్కూడదు," అని రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు.

ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన అతని తండ్రి విశ్వేశ్వరరావు అంతా విని, "అడగందే అమ్మయినా పెట్టదన్నారు. ఇప్పుడు అడగడానికి కూడా గుర్తింపు కార్డు కావాలన్నమాట," అన్నాడు.

వారం గడిచింది. రసజ్ఞ ఇంట్లో ఒక్కరికీ ఒక్క కార్డూ ఇవ్వలేదు. ఇచ్చే సందు కూడా దొరకలేదు పాపం. ఆ చిన్న చెయ్యి సంచి వైపు కదిలితే చాలు, తండ్రి ముందు వాలిపోయేవాడు. "ఏం కావాలి నాన్నా? ఇడ్లీనా? దోశా? చూపించు, ఏదీ, శభాష్, ట్రై చెయ్!" అని ఊదరగొట్టేవాడు. పిల్ల చెవులు మూసుకునేది. అతను చార్టులో ఇంకో సున్నా వేసుకునేవాడు.

కార్డులు వాడింది విశ్వేశ్వరరావు ఒక్కడే. రోజుకు నాలుగుసార్లు కాఫీ కార్డు తెచ్చి కోడలు ఉదయశ్రీ చేతిలో పెట్టేవాడు. రూలు ప్రకారం ఆమె ఎందుకని అడక్కూడదు.

శనివారం పదింటికి ఆయన స్నానానికి వెళ్లాడు. తువ్వాలు మరిచిపోయాడు. "తువ్వాలు!" అని లోపలినుంచి కేకపెట్టాడు.

"వెళ్లకు. అరిస్తే ఇచ్చామంటే రసజ్ఞ చూసి అదే నేర్చుకుంటుంది," అన్నాడు రవికిరణ్ చార్టులోంచి తలెత్తకుండా.

"ఆయన మీ నాన్నగారండీ."

"రూలు అందరికీ ఒకటే శ్రీ."

నాలుగు కాఫీలు తలచుకుని ఉదయశ్రీ కూడా ఊరుకుంది. లోపలి కేకలు హెచ్చాయి. సరిగ్గా అప్పుడే మొగిలి ఏదో కొరియర్ పట్టుకుని తొమ్మిదో అంతస్తులోని వాళ్ల ఇంటికి వచ్చాడు. తలుపు తీసే ఉంది. రసజ్ఞ గుమ్మంలో నిలబడి ఉంది. మొగిలి పార్సిలు కింద పెట్టి, మాటామంతీ లేకుండా పిల్ల వంక చూసి నవ్వాడు. రసజ్ఞ సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, ఒక కార్డు తీసి అతని అరచేతిలో పెట్టింది.

లిఫ్టు బొమ్మ.

"సార్! పాపను జర లిఫ్టుల తిప్పుకొస్త!" అని మొగిలి లోపలికి కేకేశాడు. జవాబు లేదు. "సార్! ఓ సార్!" అని మళ్లీ కేకేశాడు. ఆ ఇంట్లో ఆ రోజు అరుపులకు విలువ లేదు. రెండు కేకలూ విశ్వేశ్వరరావు ఖాతాలో కలిసిపోయాయి. అడిగింది ఇవ్వాల్నని సార్ చెప్పనే చెప్పిండు గదా అనుకుని మొగిలి పిల్లను తీసుకుని లిఫ్టు ఎక్కాడు. మందిలో పాప పరేషాన్ అయితదని, ఎవరు పిలిచినా లిఫ్టు ఆగకుండా లోపలి తాళం తిప్పాడు.

కిందికి వెళ్లారు. రసజ్ఞ అదే కార్డు మళ్లీ ఇచ్చింది. పైకి వచ్చారు. మళ్లీ ఇచ్చింది.

ఆరో అంతస్తులో అపార్టుమెంటు సంఘం సెక్రటరీ రంగనాథ్, ఆయన భార్య బాలాత్రిపురసుందరి క్లబ్‌హౌస్‌లో జరిగే సీమంతానికి పులిహోర గిన్నె చెరోవైపు పట్టుకుని లిఫ్టు కోసం నిలబడ్డారు. లిఫ్టు వాళ్ల ముందునుంచి ఏడుసార్లు వెళ్లింది. ఒక్కసారీ ఆగలేదు. రంగనాథ్ లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తే, ఒకసారి మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నారు. ఆయన గిన్నె మొత్తం భార్య చేతుల్లో పెట్టి, మెట్లు దిగి వెళ్లి మెయిన్ ఆఫ్ చేశాడు.

లిఫ్టు నాలుగు, ఐదు అంతస్తుల మధ్య ఆగిపోయింది.

తొమ్మిదో అంతస్తులో మామగారి కేకలు ఆగాక ఉదయశ్రీకి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది. చూస్తే పిల్ల లేదు, గుమ్మంలో పార్సిలు ఉంది. "ఏవండీ, రసజ్ఞ ఏదీ?"

రవికిరణ్ చేతిలోంచి చార్టు జారిపోయింది. ఇద్దరూ మెట్ల మీద పరుగెత్తారు. ఎనిమిది, ఏడు, ఆరు. ఆరో అంతస్తులో బాలాత్రిపురసుందరి గిన్నెతో సహా పక్కకు జరిగి దారిచ్చింది. ఐదో అంతస్తు దిగుతుంటే గోడలోంచి మొగిలి గొంతు వినిపించింది. "సార్! పాప నా తాననే ఉన్నది! కరెంటు పోయింది! నాకు గుండె దడదడ కొట్టుకుంటున్నది సార్!"

వెనకాలే విశ్వేశ్వరరావు కిటికీ కర్టెను చుట్టుకుని దిగాడు. "అదిగో, అరుస్తున్నాడు. పట్టించుకోకూడదుగా మరి?"

"నాన్నా!" అన్నాడు రవికిరణ్. కళ్లలో నీళ్లున్నాయి. కర్టెను చూశాక పెద్దాయన్ని ఇంకొక్క మాట అనలేకపోయాడు. అప్పటికి లోపలి అరుపులు ఆగాయి. అదింకా భయంగా ఉంది. ముగ్గురూ కిందికి పరుగెత్తారు.

కింద సగం అపార్టుమెంటు పోగై ఉంది. చేతిసంచితో తేజస్విని కూడా ఉంది. ఉదయశ్రీ, "మా పాప లోపలుందండీ!" అనగానే రంగనాథ్ మొహం పాలిపోయి, పరుగున వెళ్లి మెయిన్ ఆన్ చేశాడు. లిఫ్టు మెల్లగా దిగింది. తలుపులు తెరుచుకున్నాయి.

మొగిలి లోపల చతికిలబడి ఉన్నాడు. చేతిలో బెలూన్ ఊదుతున్న బొమ్మ కార్డు. బుగ్గలు పూరించి, నెమ్మదిగా గాలి వదులుతున్నాడు. రసజ్ఞ ఎదురుగా గొంతుకూర్చుని అతన్ని శ్రద్ధగా గమనిస్తోంది. పిల్ల బెంబేలెత్తినప్పుడు ఉదయశ్రీ ఒళ్లో కూర్చోబెట్టుకుని చేయించే పని అది.

"నేను అరుస్తుంటె పాప జర్రసేపు చెవులు మూసుకున్నది మేడం. అటెన్క గీ కార్డు నా చేతుల పెట్టింది. నిమ్మలమైన," అన్నాడు మొగిలి సిగ్గుపడుతూ.

అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టబోతే తేజస్విని చెయ్యెత్తి ఆపింది. రసజ్ఞ లేచి బయటి జనాన్ని చూసింది. చెవుల మీదికి చేతులు వెళ్లబోయి ఆగాయి. సంచిలోంచి కార్డు తీసింది. నేరుగా తండ్రి దగ్గరికి వచ్చి అతని చేతిలో పెట్టింది.

లిఫ్టు బొమ్మ.

"మళ్లీనా? పైన పులిహోరండీ, మా ఆవిడండీ..." అన్నాడు రంగనాథ్.

రవికిరణ్ నోరు తెరిచాడు. ఏం కావాలి నాన్నా, శభాష్, ఇంకోసారి చూపించు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాడు. "లిఫ్టు అడిగావు. పద," అన్నాడు. లోపలికి వెళ్లాక రసజ్ఞ అతని చెయ్యి పట్టుకుంది. ఎటూ లాగలేదు. ఊరికే పట్టుకుంది.

మూడు తిప్పుల తర్వాత తనే బయటికి వచ్చింది. రవికిరణ్ ఇంట్లో కళ్లు తుడుచుకుని చార్టు విప్పబోతే తేజస్విని దాన్ని మడిచి పక్కన పెట్టి, మొగిలిని పిలిపించింది.

"పాప నీకు ఎన్నిసార్లు కార్డిచ్చింది?"

"లిఫ్టుది పదకొండు సార్లు, మేడం."

"నువ్వేం చేశావు?"

"నేనేం జెయ్యలే. ఇచ్చింది, తీస్కపోయిన. గంతే."

తేజస్విని రవికిరణ్ వైపు తిరిగింది. "అరుపుకి వస్తువు ఇవ్వొద్దన్నాను గానీ మనిషిని వదిలెయ్యమనలేదండీ. ముందు మీ నాన్నగారికి తువ్వాలివ్వండి. వచ్చే శనివారం నేను రాను. రోజూ సాయంత్రం అరగంట మొగిలి దగ్గర నేర్చుకోండి."

"నేనా! సార్‌కా!" అన్నాడు మొగిలి.

"అవును. సార్ ఎక్కువ మాట్లాడితే ఆపు."

ఆదివారం సాయంత్రం గేటు దగ్గర ఇనప కుర్చీలో మొగిలి, కింద చాప మీద రవికిరణ్, మధ్యలో రసజ్ఞ కూర్చున్నారు. "సార్, మీరు మల్ల మాట్లాడుతున్నరు," అని మొగిలి ఆ అరగంటలో తొమ్మిదిసార్లు చెప్పాడు. సోమవారానికి ఐదుసార్లయింది. బుధవారం రసజ్ఞ తండ్రికి ఉయ్యాల కార్డు ఇచ్చింది.

ఆ పై వారం తేజస్విని కొత్త కార్డు ఒకటి తెచ్చింది. ఎత్తిన అరచెయ్యి బొమ్మ, కింద "చాలు" అన్న అక్షరాలు. ఇష్టం లేనిదాన్ని అరవకుండా ఆపమనడానికి రసజ్ఞకు పనికొస్తుందంది. ఆ సంగతి తెలిసి బాలాత్రిపురసుందరి తొమ్మిదో అంతస్తుకు వచ్చి, అలాంటిది ఇంకోటి ఉందా అని అడిగి తీసుకెళ్లింది.

రంగనాథ్ అధ్యక్షతన ఎప్పుడూ మూడు గంటలు సాగే సంఘం సమావేశం ఆ నెల ఇరవై నిమిషాల్లో ముగిసింది.