స్విచ్చి లేని వాయిద్యం

మా కాలనీ సాంస్కృతిక సంఘం తరఫున సహృదయులందరికీ తెలియజేయడమేమనగా, సంగీతం రానివాళ్ళు, కరెంటంటే భయపడేవాళ్ళు తమ ఎలక్ట్రానిక్ వాయిద్యాన్ని తామే తయారుచేసుకునే ప్రాథమిక శిక్షణ శిబిరం దిగ్విజయంగా ముగిసింది. అది దిగ్విజయమని మా అధ్యక్షులవారు ప్రారంభోత్సవం నాడే ప్రకటించేశారు కాబట్టి, ముగిసేదాకా ఆగి చూడవలసిన అవసరం మాకెవరికీ కనిపించలేదు. సంఘం కార్యదర్శిగా ఆ వివరాలు మీ ముందుంచే భాగ్యం నాకు దక్కింది.

అసలీ శిబిరం ఎందుకు పెట్టారని కొందరు అడుగుతున్నారు. పక్క కాలనీవాళ్ళు కుండీల్లో మొక్కల పెంపకం మీద శిబిరం పెట్టారు. పైగా వాళ్ళ మొక్కలు బతికాయి. ఇంతకు మించిన కారణం ఏ సంఘానికైనా అక్కర్లేదు.

రేడియోలు, టీవీలు బాగుచేసే మాస్టారిని శిక్షకుడిగా పిలిచాం. మనిషి మంచివాడే కానీ మాట తక్కువ. ఆ లోటును మా కార్యవర్గం పూడ్చింది. మొదటి రోజంతా "నాదమూ నాగరికతా" అనే అంశం మీద పెద్దలు మాట్లాడారు. మర్నాడు, మొదటి రోజు రాలేకపోయిన పెద్దలు అదే అంశం మీద మాట్లాడారు. మాస్టారు రెండు రోజులూ టేబుల్ టెన్నిస్ బల్ల పక్కన నిలబడి, టంకం వేసే కడ్డీని వేడి చేసి చల్లార్చి, మళ్ళీ వేడి చేసుకున్నారు. మూడో రోజు జనం పలచబడ్డాక పాఠం మొదలైంది.

వాయిద్యం చాలా సులువైనది. చిన్న పెట్టె, అందులో బ్యాటరీ, గోరంత చిప్పు, ఒక స్పీకరు. పైన వెలుతురును పసిగట్టే ఒక బిళ్ళ. వెలుతురు ఎక్కువైతే స్వరం పైకి పోతుంది, నీడ పడితే కిందికి దిగుతుంది. పెట్టెను ముట్టుకోకుండా దాని మీద అరచేయి ఆడిస్తూ వాయించాలి. మాస్టారి పథకంలో దీనికో స్విచ్చి కూడా ఉండేది. మా పాఠ్యాంశాల ఉపసంఘం క్షుణ్ణంగా చర్చించి, స్విచ్చి అమర్చడం ఉన్నత స్థాయి విద్య అనీ, ప్రాథమిక విద్యార్థులకు అది తగదనీ తేల్చింది.

"స్విచ్చి లేకపోతే ఆపడం ఎలాగండీ?" అని మాస్టారు నసిగారు.

"ముందు మోగనివ్వండి మాస్టారూ! ఆపడం సంగతి తర్వాత చూసుకుందాం. అభివృద్ధి అంటే అదే!" అన్నారు అధ్యక్షులవారు. చప్పట్లు మోగాయి.

ఆ సాయంత్రం నుంచి కాలనీలో ప్రతి మేడ మీదా ఏదో ఒకటి కూస్తూనే ఉంది. కుక్కలు ముందు జవాబులిచ్చాయి, తర్వాత విసుగెత్తి ఊరుకున్నాయి. చివరికి ఎవరి ఇల్లాలో చిరాకెత్తి పెట్టె మీద పప్పు డబ్బా మూత బోర్లించింది. మూత కింద చీకటి పడేసరికి కూత దిగిపోయి, లోపల బల్లి పలికినట్టు టుక్కు టుక్కుమంటూ ఉండిపోయింది. ఆ కిటుకు క్షణాల్లో వీధంతా పాకింది. మా వంటిళ్ళలో ఇప్పుడు మూతలు లేవు. పాలు పొంగుతున్నాయి, పోపులు చిందుతున్నాయి, కళ వర్ధిల్లుతోంది.

శిబిరంలో చేరినవాళ్ళలో మా పెద్దక్క ఒకరు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరి గొంతులూ ఒకదానికొకటి కలిపి రిటైరైన మనిషి. సొంత గొంతు సంగతి వేరు. చిన్నప్పుడు బడి వార్షికోత్సవంలో పాటల పంతులమ్మ అక్కను వెనక వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదుపు చాలు, శబ్దం రానియ్యకు" అంది. మా అక్క బుద్ధిమంతురాలు. జుట్టంతా నెరిసినా ఆ శబ్దం రానివ్వలేదు. కూర తరుగుతూ కూనిరాగం తీయగా కూడా నేను వినలేదు. ఆ పంతులమ్మ మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలాంటి అక్క, ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి కిటికీ దగ్గర కూర్చుని పెట్టె మీద అరచేయి ఆడిస్తోంది. కాస్త వణుకుతూ, మధ్యమధ్య ముక్కుతూ వస్తున్నది మా అమ్మ పాడిన జోలపాట. నాకు కళ్ళు చెమర్చాయి. అది సంఘం నివేదికలో రాయదగ్గ విషయం కాదు కనుక రాయలేదు.

"ముగింపు సభలో వాయిస్తానురా. ఒక్కసారి నలుగురూ వింటే చాలు, ఇంకేం అడగను" అంది.

"తప్పకుండా అక్కా" అని మాటిచ్చి, కార్యక్రమంలో పెట్టించాను. ఎక్కడంటే, అధ్యక్షోపన్యాసం తర్వాత. మా సభలకు వచ్చేవాళ్ళకు దాని అర్థం తెలుసు. అధ్యక్షోపన్యాసం తర్వాత హాలు ఊడవడం తప్ప మరో కార్యక్రమం ఇంతవరకు జరగలేదు.

ముగింపు సభ రానే వచ్చింది. వాయిద్యాలన్నీ మూతలతో సహా వేదిక మీది బల్లపై కొలువుతీరాయి. అధ్యక్షులవారు మైకు ముందుకు వచ్చారు.

"సోదర సోదరీమణులారా! నాదం అంటే ఏమిటి? నాదం అంటే శబ్దం. మరి శబ్దం అంటే ఏమిటి? అక్కడికే వస్తున్నాను!"

అక్కడికి రావడానికి ఆయన సృష్టి ఆరంభం నుంచి బయల్దేరారు. రాతియుగం దాటేసరికి ముందు వరసలో తలలు వాలాయి. బల్ల పక్క కుర్చీలో ఉన్న అక్క నా వైపు వంగింది.

"ఒరేయ్, నా వంతు ఎప్పుడురా?"

"అయిపోవచ్చిందక్కా. ముగింపులోకి వచ్చేశారు."

"ఇందాకట్నుంచీ ముగింపేగా!"

ఇంతలో హాలు కాపలాదారు వెనక దీపాలు ఆర్పి, తాళాల గుత్తి గలగలలాడించాడు. ఇక తాళం పడితే అక్క జోలపాట పప్పు డబ్బా మూత కిందే ఉండిపోతుంది. నేను సభా మర్యాద పాటిస్తూ సీలింగు ఫ్యాను వైపు చూశాను.

అక్క లేచింది. తన పెట్టెను మైకు పక్కకు జరిపి, మూత తీసి, వేదిక దీపం వెలుగులో అరచేయి చాపింది.

ముందు కీచుమంది. జనం మైకు పాడైందనుకున్నారు, మా సభల్లో అది మామూలే. తర్వాత కీచు నెమ్మదించి రాగమైంది. లౌడు స్పీకర్లన్నీ అమ్మ జోలపాట పాడసాగాయి. అధ్యక్షులవారి మాట ఒక్కటంటే ఒక్కటి వినపడటం లేదు. ఆయన పెదాలు మాత్రం కదులుతున్నాయి. శబ్దం మా అక్కది.

జోలపాటకు జనం నిద్రలేవడం నేను చూడటం అదే మొదటిసారి. వాలిన తలలు లేచాయి, ముఖాలు విచ్చుకున్నాయి. తన ఉపన్యాసానికి మేం నేపథ్య సంగీతం ఏర్పాటు చేశామనుకుని అధ్యక్షులవారు మహా పొంగిపోయారు. చేతులు ఊపారు. ఆ చేతుల నీడ బిళ్ళ మీద పడి పాటకు గమకాలు కూడా అమరాయి. అక్క పాట పూర్తిచేసి మూత పెట్టిన క్షణాన ఆయన, "ఇదే శబ్దమంటే!" అని ముగించారు. హాలు దద్దరిల్లింది. తాళాల గుత్తి చంకలో పెట్టుకుని కాపలాదారు కూడా చప్పట్లు కొట్టాడు. జ్ఞాపిక, పూలగుచ్ఛం అధ్యక్షులవారికే అందించాం. ఆయన జీవితంలో ఇంత గొప్పగా మాట్లాడలేదని పెద్దలందరూ ముక్తకంఠంతో అన్నారు.

ఉపన్యాసంలో సగం వినపడలేదన్న ఫిర్యాదు వస్తుందేమోనని నేను బిక్కుబిక్కుమంటూ ఎదురుచూశాను. ఇంతవరకు ఒక్కటీ రాలేదు. ఏ సగం వినపడలేదో చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు. ఆయన కూడా చెప్పలేరు.

"జ్ఞాపిక నీకు రావాలక్కా" అన్నాను ఇంటికి వస్తూ.

"ఏం చేసుకోనురా? నా శబ్దం విన్నారు. పెదాలు ఎవరివైతేనేం!" అంది. దారి పొడవునా కూనిరాగం తీస్తూనే ఉంది.

రెండో విడత శిబిరానికి గిరాకీ విపరీతంగా ఉంది. వచ్చేవాళ్ళలో సంగీతం మీద మోజున్నవాళ్ళు మాత్రం కనపడటం లేదు. వారం వారం ఆఫీసు మీటింగుల్లో కూర్చునేవాళ్ళు, కాలేజీ పిల్లలు, కొత్త కోడళ్ళు, పాత అల్లుళ్ళు. పెట్టె హ్యాండుబ్యాగులో పడుతుందా అని మాత్రం అందరూ అడుగుతున్నారు. అందరికన్నా ముందు పేరిచ్చింది అధ్యక్షులవారి శ్రీమతి. ఈసారి స్విచ్చి నేర్పిస్తామని మాస్టారు చెబితే, "ఎందుకండీ, మూత చాలు" అన్నారావిడ.

ప్రారంభోపన్యాసం ఈసారి నాది. ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్నవి చాలా ఉన్నాయి. తప్పక రావాలని పాఠకులకు మనవి. మా అక్క అప్పుడే ముందు వరసలో కుర్చీ పట్టుకుంది, ఒళ్ళో పెట్టెతో. మిగతా కుర్చీలు మీకోసమే. మీ వంటింట్లో మూత ఇప్పటికే కనపడకపోయినా, మీరు వచ్చేది నా ఉపన్యాసం వినడానికే అని నేను అనుకుంటాను. అలా అనుకోకపోతే ఈ దేశంలో ఎవరైనా మైకు పట్టుకోగలరా?