శాంతి నెలకొన్న రేకుల షెడ్డు

ఈ ప్రాంతంలో శాంతి నెలకొనే వరకు తాను నిద్రపోనని మా మరిది మైకులో ప్రకటించాడు. ప్రకటించి, నేరుగా మా ఇంటికొచ్చి, భోంచేసి, సాయంత్రం దాకా పడుకున్నాడు. అంత పెద్ద బాధ్యత నెత్తికెత్తుకున్న మనిషికి విశ్రాంతి అవసరమని నేనూ లేపలేదు.

'శాంతి, యువ విద్య, ప్రాంతీయాభివృద్ధి సంస్థ'కి అతను వ్యవస్థాపక అధ్యక్షుడు. విద్య ద్వారా యువతనీ, యువత ద్వారా శాంతినీ, శాంతి ద్వారా అభివృద్ధినీ తెస్తాడు. మా ఇంటికి మాత్రం మా ఆయన స్కూటర్ ద్వారా వస్తాడు.

నిద్ర లేవగానే మా అమ్మాయి పట్టుకుంది.

"బాబాయ్, మా షెడ్డుకి పైకప్పు వేయించవూ?"

మా ఊరి మధ్యలోంచి కాలువ పోతుంది. దాని పక్కన చిల్లులు పడ్డ ఓ పాత రేకుల షెడ్డు. రెండు గట్ల పిల్లలూ సాయంత్రాలు అందులోనే చదువుకుంటారు. మా అమ్మాయికి లెక్కలు రావు, అవతలి గట్టున ఉండే తన స్నేహితురాలికి ఇంగ్లీషు రాదు. ఒకళ్లకొకళ్లు చెప్పుకుని నెట్టుకొస్తున్నారు. పరీక్షలేమో వానాకాలంలో. షెడ్డులో చినుకు పడని చోటు ఒక్కటే ఉంది, అక్కడ మేక పడుకుంటుంది.

"తప్పకుండా వేయిస్తా. నిధులున్నాయి. కాకపోతే అవి ఘర్షణ ప్రాంతాలకే ఇస్తారు. మీ రెండు గట్లకీ గొడవ దేని గురించి?"

"గొడవలేం లేవు బాబాయ్."

"అస్సలు?"

"అస్సలు."

మా మరిది మొహం వాడిపోయింది. "ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నారే మీ యువతంతా? సరే, నిధులిచ్చేవాళ్ల పరిశీలకుడు వచ్చిన రోజు కాస్త పోట్లాడుకోండి. తర్వాత నేనొచ్చి శాంతి నెలకొల్పుతా. పైకప్పు దానంతటదే వస్తుంది."

పాపం, పిల్లలకి పోట్లాట రాదు. మొదటి రిహార్సల్లో "దయచేసి మా గట్టుకి రావద్దు" అనుకున్నారు. మా మరిది తల పట్టుకుని నావైపు తిరిగాడు.

"వదినా, మీరే ట్రైనింగివ్వాలి. మీకూ అన్నయ్యకీ మంచి అనుభవం ఉంది కదా."

సమాజ సేవ గుమ్మంలోకొస్తే కాదనకూడదు. అసలు సంగతి వదిలేసి పాత సంగతి ఎత్తడం, మధ్యలో చుట్టాల్ని లాగడం, చివర్లో "నేనేమన్నానని?" అంటూ గిన్నెలు ఎత్తి పడేయడం... తెలిసిందేదీ దాచుకోకుండా నేర్పాను. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, "బోధన బాగుంది" అన్నాడు.

పరిశీలకుడు మెడలో కార్డుతో, చేతిలో నీళ్ల సీసాతో వచ్చాడు. మా అమ్మాయీ, తన స్నేహితురాలు లెక్కల పిల్లా కాలువ వంతెన మీద అందుకున్నారు.

"మీ మేనత్త పెళ్లిలో మమ్మల్ని కూర్చోమన్నారా?"

"మీ తాత పట్టుకుపోయిన నిచ్చెన తిరిగిచ్చాడా?"

పరిశీలకుడు రెండడుగులు వెనక్కేశాడు. "చాలా లోతైన ఘర్షణ" అని కళ్లు తుడుచుకున్నాడు. ఇంకేం, నిధులు వచ్చేసినట్టేనని మా మరిది నా చెవిలో చెప్పాడు.

తర్వాతి వారం, పరిశీలకుడి సమక్షంలో, మా మరిది శాంతి నెలకొల్పాడు. షెడ్డు ముందు నిలబడి "ఇక చాలు" అన్నాడు. పిల్లలు చాలించారు. లెక్కల పిల్ల ఎప్పట్లాగే మా అమ్మాయి భుజం మీద చెయ్యేసి పకపకా నవ్వింది.

పరిశీలకుడు నిర్ఘాంతపోయాడు. "ఎలా సాధించారు సార్?"

"మాటతో" అన్నాడు మా మరిది వినయంగా.

"పైకప్పు వేయకుండానే?"

"ఆఁ."

"అయితే పైకప్పుతో పనే లేదన్నమాట!"

మా మరిది ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ క్షణంలోనే పరిశీలకుడు 'ఖర్చులేని శాంతి' అని ఓ పద్ధతి కనిపెట్టి, దానికి మా మరిది పేరు పెట్టేశాడు. పేరు పెట్టాక కాదనడం మర్యాద కాదు.

సన్మాన సభకి రెండు గట్ల వాళ్లనీ బస్సుల్లో తీసుకెళ్లారు. శాలువా కప్పించుకుంటున్న మా మరిదిని మా అమ్మాయి వేదికెక్కి మరీ అడిగింది.

"బాబాయ్, మరి మా పైకప్పు?"

"అది గొడవలున్న చోటికమ్మా. మీకు శాంతి వచ్చేసిందిగా!"

మా అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగింది. వెంట వచ్చిన లెక్కల పిల్ల అక్కడే ఉంది.

"అంతా నీవల్లే. ఆ రోజు అలా నవ్వమని ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వు నా చెయ్యి తోసెయ్యొచ్చుగా మరి!"

"తోస్తే ఏడుస్తావని ఊరుకున్నా. నాలుగు లెక్కలు చెప్తావని నెత్తినెక్కించుకున్నా చూడు, నాదే తప్పు."

"నాలుగా? నీకు చెప్పీ చెప్పీ నా చదువు నాశనమైంది. నువ్వు నేర్పిన ఇంగ్లీషు విని క్లాసంతా నవ్వారు. బాధపడతావని ఇన్నాళ్లూ చెప్పలేదు!"

ఇందులో నేను నేర్పిన మాట ఒక్కటీ లేదు.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. "గతంలోని ఘర్షణని ఎంత సహజంగా చూపించారు!" అని పరిశీలకుడు మైకందుకున్నాడు. ఈ సాంస్కృతిక కార్యక్రమం తమ సంస్థే రూపొందించిందని మా మరిది సవినయంగా తెలియజేశాడు. ఇద్దరికీ ఉత్తమ నటన బహుమతి ప్రకటించారు.

ఊళ్లో బస్సు దిగేసరికి వాన. నేను పరుగున వచ్చి తలుపు తీశాను. కాసేపటికి మా అమ్మాయి వచ్చింది, సంస్థ పేరు అచ్చేసిన కొత్త గొడుగు వేసుకుని.

"బాగుందే. ఇదేనా బహుమతి?"

"ఊఁ. ఇద్దరికీ కలిపి ఒకటే."

"మరి నీ స్నేహితురాలేదే?"

మా అమ్మాయి గొడుగు మడిచి గుమ్మం పక్కన పెట్టింది.

"తడుసుకుంటూ పోయింది."