దొర మింగిన రాయి

తొలకరి వాన రాత్రి కురిసి తెల్లవారేసరికి వెలిసింది. పత్తికొండ చుట్టుపక్కల ఆ వాన పడిందంటే మనుషులు రెండు రకాలుగా నిద్ర లేస్తారు. సగంమంది విత్తనాల సంచి వెతుక్కుంటారు. మిగతా సగంమంది అన్నం క్యారియరు కట్టుకుని, వాన కడిగిన చేలల్లో వజ్రాలు ఏరుకోవడానికి బయల్దేరతారు. తిమ్మయ్య మొదటి రకం. ఆయన చేనికి రావలసిన కూలీలంతా రెండో రకం. అదీ ఆయన ఖర్మ.

ఆ రోజుకు ఆయన వేసుకున్న పథకం చిన్నదే. మూడెకరాల చేలో రాళ్లు ఏరించాలి, మధ్యాహ్నం దాటాక ట్రాక్టరు గొర్రుతో వేరుశనగ విత్తించాలి. నేలలో వాన పదును రెండు రోజులకు మించి నిలవదు. చేనంటే మరీ గొప్ప చేనేం కాదు, అందులో మన్ను తక్కువ, రాయి ఎక్కువ. ఏరేకొద్దీ రాళ్లు పుట్టుకొస్తూనే ఉంటాయి.

రాళ్లకంటే పెద్ద చిక్కు దొర. ఈము పక్షుల పెంపకం మీద జిల్లా అంతా మోజుపడిన రోజుల్లో తిమ్మయ్య కూడా ఇరవై పిల్లల్ని తెచ్చాడు. మోజు పోయింది, పక్షులూ పోయాయి, ఇదొక్కటి మిగిలింది. మనిషెత్తు ఉంటుంది. రెక్కలున్నాయని చెప్పుకోవడమే గానీ ఎగరలేదు. ఏ పనీ చేయకుండా, చేతులు వెనక్కి కట్టుకున్న పెద్దమనిషిలా అందరి చేలూ తిరిగి చూసి వస్తుంది. అందుకే దానికి దొర అని పేరు పెట్టాడు. మెరిసేది ఏది కనబడినా మింగేయడం దొర అలవాటు. బీరువా తాళంచెవి, నాలుగు చొక్కా గుండీలు, మొన్నటికి మొన్న కుక్కరు విజిల్. ఆడకూలీల గాజులు మెరిస్తే చాలు, వాళ్ల వెంటపడి పరుగులు పెట్టిస్తుంది. దాంతో ఊళ్లో సగంమంది తిమ్మయ్య చేను వైపు రావడమే మానేశారు.

విజిల్ పోయిన రోజునే ఆయన భార్య కృష్ణవేణమ్మ తీర్పు చెప్పేసింది.

"ఈ తొలకరి పదునులో విత్తనం పడకపోతే నీ కోడి ఇంట్లో ఉండదు. మా కంబన్న వచ్చి తీసకపోతాడు."

కంబన్న ఆమె తమ్ముడు. మనిషి మంచివాడే. కాకపోతే నందికొట్కూరులో ఆయన నడిపేది బిర్యానీ హోటలు. పక్షిని బాగా చూసుకుంటాడని ఆమె అంది. ఎట్లా చూసుకుంటాడో తిమ్మయ్యకు తెలుసు. పన్నెండేళ్లుగా సాకిన ప్రాణం. ఆ మాట విన్నప్పటి నుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు.

ఇరవైమంది కూలీలను వెంటబెట్టుకొస్తానన్న మేస్త్రీ లేవి ఆ పొద్దున ఒక్కడే వచ్చాడు. అందరూ వజ్రాలకు పోయారట. ఆయన భార్య జ్ఞానమణి అందరికంటే ముందు పోయిందట. తనకూ పోవాలనే ఉందని, మాట ఇచ్చిన పాపానికి వచ్చానని దాపరికం లేకుండా చెప్పాడు. చేసేదేముంది, ఇద్దరూ నడుములు వంచారు. తొమ్మిది గంటలయ్యేసరికి మూడెకరాల్లో మూడు సాళ్లు కూడా కాలేదు.

అప్పుడే లేవి చేతికి ఒక మెరిసే రాయి తగిలింది. ఆ సీమలో పుట్టిన మనిషి అలాంటి రాయిని ఊరికే పారేయడు. ఒక కన్ను మూసి, దాన్ని ఎండకు ఎత్తి చూశాడు. వెనకనుంచి దొర కూడా చూసింది. రాయి ఆ పొడుగాటి గొంతులో మెల్లగా కిందికి దిగిపోవడం ఇద్దరూ నిలబడి చూశారు.

"నేనింగా సరింగా సూడనే లేదు గదన్నా," అన్నాడు లేవి.

తిమ్మయ్యకు నవ్వాగలేదు. ఈ ముచ్చట చెప్తే భార్య కోపం కాస్త తగ్గుతుందనుకుని ఫోను చేశాడు. ఆయన చేసిన తప్పల్లా అదే.

"ఏమే, మన దొర ఇంగ మామూలోడు కాదు. వజ్రం మింగినాడు."

కృష్ణవేణమ్మ ఫోను చెవికి ఆనించుకునే మనిషి కాదు, స్పీకరు పెట్టి మాట్లాడే మనిషి. అప్పుడామె చౌకదుకాణం ముందు బియ్యం కోసం నిలబడి ఉంది. వెనక నలభైమంది ఉన్నారు. పనిలేని ఎకసెక్కాలు మాని రాళ్లేరుకోమని ఆమె మొగుణ్ని చెడామడా తిట్టి ఫోను పెట్టేసింది. అంత గట్టిగా తిట్టిందంటే ఏదో దాస్తోందని నలభైమందికీ నమ్మకం కుదిరింది.

పదిగంటలకు ఆ వజ్రం శనగగింజంత ఉండింది. పదకొండుకు గోలీకాయంత అయింది. మధ్యాహ్నానికి నిమ్మకాయంతయి డోన్ దాకా పోయింది. చుట్టుపక్కల చేలల్లో వజ్రాలేరుతున్న వాళ్లంతా క్యారియర్లతో సహా తిమ్మయ్య చేలోకి దిగారు. ఆటోలొచ్చాయి, ఒక ట్రాక్టరు నిండా జనమొచ్చారు. అది ఉత్త పలుగురాయి అయ్యుంటుందని తిమ్మయ్య నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. వజ్రం ఉన్నవాడు అలాగే చెప్తాడని వాళ్లు తలలూపారు.

దొరకు ఆముదం పట్టాలని ఒకరన్నారు. పశువుల ఆసుపత్రిలో పనిచేసి దిగిపోయిన ముసలాయన ఒకడు, ఈ జాతి పక్షులు తిండి నలగడానికి రాళ్లను పొట్టలోనే పెట్టుకుంటాయని, ఎప్పుడు బయటికొస్తాయో చెప్పలేమని వివరించాడు. అంతదాకా ఆగడం జనానికి నచ్చలేదు. సరిగ్గా అప్పుడే, వజ్రం కబురు విన్న కంబన్న బొలెరో దిగాడు. చేతిలో తాడుంది.

"కోసేది యెట్లయినా మనమే గదా బావా. లోపలుండేది కూడా సూసినట్టు ఉంటాది," అన్నాడు.

 తిమ్మయ్య పోయి దొర మెడను రెండు చేతులా కావలించుకుని, దీన్ని కోయాలంటే ముందు తనను కోయమన్నాడు. దానికి ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పకపోవడం చూసి ఆయనకు ఇంకా భయమేసింది. ఆ భయంలోనే ఒక ఆలోచన తట్టింది.

"పొట్టలోది ఒక్కటేనప్పా. అది దొరికింది ఈ చేన్లోనే. ఇంగెన్ని ఉండాయో యెవురికి తెలుసు?"

 రెండువందల తలలు ఒక్కసారి నేలకేసి వంగాయి. చూసిన రాయిని మళ్లీ చేలో వేస్తే ఇంకొకరు దాన్నే చూసి పొద్దు వృథా చేసుకుంటారు కాబట్టి, చూసిందల్లా పడమటి గట్టు మీద వేయాలని తిమ్మయ్య ఒక నియమం పెట్టాడు. చాలా న్యాయమైన నియమమని ఆసుపత్రి ముసలాయన మెచ్చుకున్నాడు.

దొర ముందు నడిచింది. అది ఎక్కడ ముక్కు పెడితే అక్కడ పదిమంది పడ్డారు. దాన్ని చూస్తే పరుగెత్తే ఆడవాళ్లు ఇప్పుడు గాజులు గలగలలాడించుకుంటూ దాని వెంట తిరిగారు. జ్ఞానమణి అందరికంటే ముందుంది. కాసేపటికి కంబన్న కూడా తాడు గట్టున పెట్టి లుంగీ ఎగ్గట్టాడు.

బియ్యం సంచీతో, తిట్లతో వచ్చిన కృష్ణవేణమ్మ గట్టు మీదే నిలబడిపోయింది. చేనును చూసింది, గట్టు మీద పెరుగుతున్న రాళ్లకుప్పను చూసింది, మొగుణ్ని చూసింది. తర్వాత సంచీ దించి గట్టిగా కేకేసింది.

"ఆ ఈశాన్యం మూల యెవురూ సూడలేదే!"

నాలుగు గంటలకు చేలో చింతగింజంత రాయి కూడా మిగల్లేదు. అదృష్టం లేదనుకుంటూ జనం ఇళ్లకు పోయారు. ట్రాక్టరు గొర్రు ఏ రాయికీ తగలకుండా సాగింది. పొద్దు గూకకముందే విత్తనం పడింది. కంబన్న నడుము పట్టుకుని, ఖాళీ బొలెరోలో నందికొట్కూరుకు తిరిగిపోయాడు. ఆ రాత్రి తిమ్మయ్య రెండు సంగటి ముద్దలు తిన్నాడు.

మూడోనాడు దొర రెట్టలో రాయి బయటపడింది. లేవి దాన్ని కడిగి, ముందు దొర ఎక్కడుందో చూసుకుని, ఆ తర్వాత ఎండకు ఎత్తాడు. ఉత్త పలుగురాయి. దాంతోపాటు వచ్చిన కుక్కరు విజిల్‌ను కృష్ణవేణమ్మ మూడుసార్లు కడిగి దాచుకుంది.

ఆ సాయంత్రం పక్క చేను బొజ్జన్న వచ్చాడు. ఆయనకు ఎనిమిదెకరాలుంది, అంతా రాళ్లే. చాలాసేపు వాన గురించి మాట్లాడి, చివరికి దొరను ఒక్కరోజు తన చేలోకి పంపుతారా అని నసిగాడు. తిమ్మయ్య నోరు తెరిచేలోగా కృష్ణవేణమ్మ జవాబు చెప్పింది.

"సోమారం చౌకదుకాణం తీస్తారన్నా. పదిగంటలకు నాకు ఫోను చెయ్, స్పీకరు పెడతా."